మందు మానేశాక నా మాట మీద నాకే నమ్మకం రావాలంటే

మీరు రాసిందంతా నెమ్మదిగా చదివాను. చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా పని. మందు మానేసి ఎనిమిది నెలలు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, మందు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలిసి కూర్చునే మీటింగులకు వెళుతున్నారు. అంతకు ముందు ఏడాది కాణిపాకంలో ప్రమాణం చేసి, నెల తిరక్కుండానే తప్పారు. ఇప్పుడు చుక్క ముట్టడం లేదు. అయినా మొన్న మీ పాప "నాయనా, శనివారం స్కూలుకు వస్తావా?" అంటే "వస్తా" అనే మాట నోట్లోనే ఆగిపోయింది. మీటింగులో నా చేతుల్లో ఏమీ లేదని ఒప్పుకుని, ఇంటికొచ్చి నన్ను నేను ఎట్లా నమ్మేది అని అడిగారు.

ముందు ఆ పాప దగ్గరే ఆగుదాం. తాగే రోజుల్లో ఆ మాట మీ నోట్లో ఎప్పుడైనా ఆగిందా? "వస్తాలే", "తెస్తాలే", "రేపిస్తాలే" అని ఎంత తేలిగ్గా అనేసేవాళ్ళు! ఎదుటి మనిషిని అప్పటికి పంపించేయడానికి పనికొచ్చే మాటలవి. ఇప్పుడు మాట ఇచ్చేముందు ఆగి తూకం వేస్తున్నారు. నేను తిరుపతిలో ఏళ్ళ తరబడి మందు మానాలనుకునేవాళ్ళ ఎదురుగా, వాళ్ళ ఇంటివాళ్ళ ఎదురుగా కూర్చుని పని చేస్తున్నాను. మీరు నమ్మకం లేకపోవడం అంటున్నదాన్ని నేను మాటకు విలువ తిరిగి రావడం అంటాను. చటుక్కున "వస్తా" అనేసి ఉంటే నాకు భయమేసేది.

అట్లాగని పాపకు జవాబు లేకుండా వదిలేయకూడదు. "మండీలో లోడు ఉందో లేదో చూసుకుని శుక్రవారం రాత్రి అన్నం తినేటప్పుడు చెప్తానమ్మా" అనండి. శుక్రవారం రాత్రి, ఆమె అడగకముందే చెప్పండి, వస్తాననో రాలేననో. రాలేనన్నా సరే, చెప్తానన్న వేళకు చెప్పారు గదా, ఆ మాట నిలబడింది.

ఇక మీటింగుల సంగతి. 1935లో అమెరికాలోని అక్రాన్ ఊళ్ళో బిల్ విల్సన్ అనే స్టాక్ మార్కెట్ మనిషి, బాబ్ స్మిత్ అనే డాక్టరు, ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా నిలబడి మొదలుపెట్టింది అది. మానడానికి వాళ్ళు పెట్టుకున్న పన్నెండు మెట్లలో మొదటిది మద్యం ముందు మాకు శక్తి లేదని ఒప్పుకోవడం. మద్యం ముందు అన్నారు. పాప ముందు, పద్దుల పుస్తకం ముందు, పొద్దున్నే లేచి కొళాయి దగ్గర బిందె పెట్టే పని ముందు అనలేదు. "ఈసారి రెండు పెగ్గులతో ఆపేస్తా" అని మనసు చేసే బేరానికి తలుపు మూసే మాట అది. ఆ తలుపు మూసే ఉంచండి. కానీ చాలామంది ఆ మాటను బతుకంతటికీ పరిచేసుకుంటారు. నాకు ఏదీ చేతకాదు, నేను దేనికీ పనికిరాను అన్నంతవరకు తీసుకెళతారు. మీకు జరిగింది అదే అనుకుంటున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. నాలుగో మెట్టు, ఐదో మెట్టు మన తప్పుల లెక్క రాసి ఇంకో మనిషికి చెప్పుకోవడం. ఎనిమిది, తొమ్మిది మనం నష్టపెట్టినవాళ్ళకు ఆ నష్టం పూడ్చడం. పదోది రోజూ మనల్ని మనం చూసుకోవడం. ఇవన్నీ మంచివే, చేయండి. అయితే "రేపట్నుంచి ముట్టను" అని మనకు మనం చెప్పుకుని తప్పిన మాటలుంటాయి చూడండి, ఎన్నేళ్ళ పొద్దులో అవి! ఆ బాకీ తీర్చుకోవడానికి వాటిలో విడిగా ఒక మెట్టు లేదు. అక్కడ మనస్తత్వ శాస్త్రంలో జరిగిన పని అక్కరకొస్తుంది.

ఆల్బర్ట్ బండూరా అనే శాస్త్రవేత్త 1977లో ఒక సంగతి వివరంగా చెప్పాడు. "నేను చేయగలను" అనే నమ్మకం మనిషికి మొత్తంగా ఒకటే ముద్దగా ఉండదు, పనిపనికీ వేరుగా ఉంటుంది. అది నాలుగు దారుల్లో వస్తుంది. స్వయంగా చేసి చూసింది అన్నిటికన్నా బలమైనది. మనలాంటి వాళ్ళు చేస్తుంటే చూడడం రెండోది, మీటింగుల్లో దొరికే మేలు ఇదే. మూడోది ఇతరులు ధైర్యం చెప్పడం. నాలుగోది మన ఒంటి పరిస్థితి, నిద్ర, ఆందోళన లాంటివి. మీ కేసులో ఇంటిల్లిపాదీ, బంధువులూ మూడో దారిలోనే తోశారు. ఒట్టు వేయించారు, బుద్ధి చెప్పారు, ఏడ్చారు. మొదటి దారిని ఎవరూ చూపించలేదు.

కాబట్టి "నన్ను నేను నమ్మొచ్చా?" అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఏ పనిలో, ఏ వేళకు, ఎవరితో ఉన్నప్పుడు నమ్మొచ్చు అని అడగండి. మీ మండీ వ్యవహారమే తీసుకోండి. ఒకసారి బాకీ ఎగ్గొట్టిన వ్యాపారికి మళ్ళీ లారీ సరుకు అప్పివ్వరు. రొక్కానికి నాలుగు బస్తాలు ఇస్తారు. తర్వాత వారం గడువు మీద ఇంకో నాలుగు. డబ్బు వేళకు వస్తుంటే ఖాతా దానంతటదే పెరుగుతుంది. వ్యాపారి మంచివాడా చెడ్డవాడా అని అక్కడ ఎవరూ చర్చ పెట్టరు.

ఇప్పుడు కాణిపాకం గురించి. మన వైపు ప్రమాణానికి ఆ వరసిద్ధి వినాయకుడి ముందు ఉన్నంత బరువు ఇంకెక్కడా లేదు. కోనేట్లో మునిగి తడిబట్టలతో నిలబడి "జన్మలో ముట్టను" అని చెప్పిన మనిషి ఆ క్షణంలో నిజమే చెబుతాడు. నేను చూసినవాళ్ళలో ఆ ప్రమాణంతో నిలబడినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ భక్తికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ ప్రమాణంలో ఒక చిక్కుంది. జన్మంతా ముట్టకుండా ఉంటే తప్ప అది పూర్తి కాదు. ఏ రోజూ "ఈ రోజుకు నెరవేరింది" అని చేతికి అందదు. తప్పడం మాత్రం ఒక్క గుటకతో అయిపోతుంది. తప్పిన మరుక్షణం "ఎట్లాగూ దేవుడి ముందు మాట పోయింది, ఒకటైతేనేం పదైతేనేం" అని వచ్చే తెగింపు ఉందే, అదే మనిషిని పడేస్తుంది. అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త 1980ల్లో దీని మీద చాలా పని చేశాడు. తప్పిన ఒక్క గ్లాసు కన్నా, తప్పాను కాబట్టి నేనింతే అనుకోవడం ఎక్కువ నష్టం చేస్తుందని చూపించాడు. మీరు ఆ నెలలో ప్రమాణం తప్పిన రోజు ఎంత తాగారు, ఆ తర్వాత వారం ఎంత తాగారు? మీరే రాశారు, మొదటి రోజు ఒక క్వార్టర్, వారం తిరిగేసరికి పనికి పోలేని స్థితి అని. తొలిరోజుది తప్పు. ఆ వారమంతా సిగ్గుతో, భయంతో తాగింది.

మనసు ఒప్పకపోతే కాణిపాకం వెళ్ళి దండం పెట్టుకుని క్షమించమని అడిగి రండి. మళ్ళీ ప్రమాణం మాత్రం చేయకండి. ఎవరు బలవంతపెట్టినా, మీ అత్తగారు అడిగినా సరే.

అయ్యప్ప మాల సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. "మాలలో ఉన్నప్పుడు ముట్టలేదు, అది స్వామి మహిమ, నాదేం లేదు" అని. నేను అక్కడ ఆగిపోయాను. మన వైపు ఈ అనుభవం లేని తాగుబోతు అరుదు. 41 రోజులు నిష్ఠగా ఉంటాడు, శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రోజు సాయంత్రమే షాపు ముందు నిలబడతాడు. ఇంటివాళ్ళు "అంతా నాటకం" అంటారు. అతనూ అదే నమ్మేస్తాడు.

మాలలో మీరు నిజంగా ఏం చేశారో చూద్దాం. తెల్లారకముందే లేచారు. చలికాలంలో చన్నీళ్ళ స్నానం చేశారు. పొద్దునా సాయంత్రం పూజకు వేళ తప్పలేదు. సాయంత్రం ఆరు దాటాక మండీ దగ్గర తచ్చాడకుండా భజనకు వెళ్ళారు. ఎదురైన ప్రతి మనిషీ మిమ్మల్ని "స్వామీ" అని పిలిచాడు, పాత జట్టువాళ్ళు కూడా మీ ముందు సీసా తీయడానికి జంకారు. వేళకు తిన్నారు, నేల మీద పడుకున్నా నిద్ర పట్టింది. స్వామి మహిమ ఉంటే ఉంది, నేను కాదనను. కానీ అన్ని పొద్దుల్లో లేచింది మీరు. రోజంతా తాగుడుకు చోటు లేకుండా అమర్చుకోవడం మీకు వచ్చు అని దానర్థం.

మరి మాల తీశాక ఎందుకు పోయింది? అమరిక అంతా ఒక్క రోజులో తీసేశారు కాబట్టి. లేచే వేళ పోయింది, భజన పోయింది, పిలుపు పోయింది, ఆరుగంటల తర్వాత వెళ్ళే చోటు పోయింది. మాలలో సంపాదించిన నమ్మకం మాల లేని రోజుకు దానంతటది బదిలీ కాదు. అక్కడినుంచి రెండు మూడు ముక్కలు తెచ్చుకోవాలి. నా దగ్గరికి వచ్చే ఒకాయన తిరుపతి బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. మాల తీసినా తెల్లవారుజామున స్నానం వదల్లేదు, సాయంత్రం ఆరున్నరకు బండి స్టాండులో పెట్టి కపిలతీర్థం వెళ్ళి అరగంట కూర్చోవడం వదల్లేదు. అంతే చేశాడు. ఆ అరగంటలో ఆయన చేసేదేమీ లేదు, కోనేటి మెట్ల మీద కూర్చుని చేపలకు మరమరాలు వేస్తాడు. కానీ ఆయనకు ఆరున్నర నుంచి ఏడు వరకే ప్రాణం లాగేది. ఆ వేళ ఆయన తన మీద తాను నమ్మకం పెట్టుకోలేదు, కోనేటి మీద పెట్టాడు. ఇదీ తనను తాను నమ్మడంలో భాగమే. ఏ వేళకు తాను నమ్మదగినవాణ్ణి కాదో తెలిసిన మనిషి మాట నేను నమ్ముతాను.

ఒక హెచ్చరిక, మీకు కాదు గానీ ఇది చదివే ఇతరుల కోసం. రోజూ గట్టిగా తాగేవాళ్ళు మాల వేసుకుంటున్నామనో, తిరుమల వెళుతున్నామనో ఒక్కసారిగా ఆపేయకండి. చేతుల వణుకు, చెమటలు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి ఏవేవో కనిపించడం రావచ్చు. ప్రాణం పోయే ప్రమాదం అది. ముందు డాక్టరును కలవండి. మాత్రలు, బి1 విటమిన్ ఇచ్చి భద్రంగా మానిపిస్తారు.

ఇక మీరు చేయాల్సింది. చిన్న నోటుబుక్కు ఒకటి కొనండి, చొక్కా జేబులో పట్టేది. రోజూ పొద్దున ఒక మాట రాయండి. మీ చేతులతో మీరొక్కరే చేయగలిగినది, ఆ రోజే పూర్తయ్యేది, చేశారో లేదో కంటికి కనిపించేది అయ్యుండాలి. మందుకు సంబంధం లేనిది కావాలి. "ఈ రోజు కోపం తెచ్చుకోను" అని రాయకండి, అది కొలవలేం. "పదకొండింటి లోపల నిన్నటి పద్దు తేల్చేస్తాను", "అమ్మ బీపీ మాత్రలు తెస్తాను" అని రాయండి. రాత్రి పక్కన "అయింది" లేదా "కాలేదు" అని రాయండి. కాలేదంటే ఎందుకో నాలుగు ముక్కలు. దానికి శిక్షగా రేపు రెండు పనులు పెట్టుకోవద్దు. ఈ "రేపు రెట్టింపు" జబ్బు తాగేవాళ్ళందరికీ ఉంటుంది, తాగుడు పోయినా అది పోదు. ఇది మరీ చిన్నపని, పిల్లల ఆట అనిపిస్తుంది. అనిపించనివ్వండి. రెండు నెలలకు ఆ పుస్తకం తిరగేస్తే మీ గురించి మీకున్న అభిప్రాయానికి ఎదురుగా మీ చేతిరాతే సాక్ష్యం చెబుతుంది. ఎవరి మెచ్చుకోలూ అంత పని చేయదు.

దాంతోపాటు మాటలు తగ్గించండి. మండీలో ఎవరైనా ఏదైనా అడిగితే "చూసి చెప్తా" అనండి, చెప్పే వేళ కూడా చెప్పండి. చేయలేనిది చేయలేనని చెప్పడం మీకిప్పుడు కొత్త విద్య, మొదట్లో గొంతు పెగలదు.

అదే పుస్తకంలో వెనకవైపు నుంచి ఇంకో పట్టిక మొదలుపెట్టండి, మీకు నమ్మకం లేని చోట్లది. మార్లట్ గమనించినదాని ప్రకారం మళ్ళీ తాగడాలలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా మూడు కారణాలే. దిగులు, కోపం, విసుగు లాంటి మనసు బాగాలేని స్థితి, ఇంట్లోనో పనిలోనో గొడవ, పక్కవాళ్ళ బలవంతం. మీ చోట్లు మీకు తెలుసు. లెక్కలు తేలి చేతిలో రొక్కం ఉన్న శనివారం సాయంత్రం. తమిళనాడు లారీ డ్రైవర్లు లోడు ఎత్తించుకుని "రా అన్నా" అని పిలిచే వేళ. నడివీధి గంగమ్మ జాతర. కనుమ పండుగ. చావింట్లో రాత్రి జాగారం. 2024 అక్టోబరులో ప్రైవేటు మందు షాపులు తిరిగి వచ్చి, 99 రూపాయల క్వార్టర్ వచ్చాక జేబులో డబ్బు లేదు అనే అడ్డు కూడా పోయింది. ఒక్కోదాని ఎదురుగా అప్పుడు చేసే పని ముందే రాసి పెట్టుకోండి. "డ్రైవరు పిలిస్తే టీ చెప్పి వస్తానని లేచి రోడ్డు దాటతాను." "చావింటికి వెళితే నా భార్య తమ్ముణ్ణి వెంట తీసుకెళతాను, పది గంటలకు వచ్చేస్తాను." అప్పటికప్పుడు ఆలోచిద్దాం అనుకుంటే అప్పుడు ఆలోచించే బుర్ర ఉండదు. తాగాలనే తలపు వచ్చిందంటే పెరుగుతుంది, ఒక ఎత్తుకు పోతుంది, దిగిపోతుంది. మామూలుగా అరగంట లోపలే. ఆ అరగంట చేతులకూ కాళ్ళకూ పని ఉంటే చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా భయం కలిగించే చోటు. నమ్మకం కాస్త పెరిగాక, ఏడాది దగ్గరపడే వేళకు, మనసు ఇట్లా అంటుంది: "ఇప్పుడు నేను మారాను గదా, ఒక్క పెగ్గు తాగి ఆపి చూపిస్తా, అప్పుడు గదా నన్ను నేను గెలిచినట్టు." ఎంతోమంది మంచి మనుషులు ఇక్కడే పడ్డారు. గ్లాసు ముట్టి నిరూపించుకోవాల్సిన నమ్మకం ఏదీ లేదు. బతుకులో మిగతా అన్ని చోట్లా మీ ఖాతా పెరగనివ్వండి, ఈ ఒక్క ఖాతా ఎప్పటికీ తెరవకండి. మొదటి మెట్టు మీకు జీవితాంతం పనికొచ్చేది ఇక్కడే.

డాక్టరు నాల్ట్రెక్సోన్ రాశాడని, కానీ మాత్ర మింగి మానితే అది నా బలం ఎట్లా అవుతుందని ఆపేశానని రాశారు. దయచేసి మళ్ళీ వెళ్ళి అడగండి. తాగితే వచ్చే ఆ హాయిని, దాని లాగుడును తగ్గించే మాత్ర అది. లివర్ పరీక్ష చూసి ఇస్తారు. పొద్దున్నే లేచి మాత్ర వేసుకోవడం కూడా నిలబెట్టుకున్న మాటే, కావాలంటే పుస్తకంలో రాసుకోండి. డైసల్ఫిరామ్ అనే ఇంకో మాత్ర సంగతి వేరు. అది వేసుకుని తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. మన ఊళ్ళలో ఆడవాళ్ళు మొగుడికి తెలియకుండా కూరలోనో సాంబారులోనో కలిపే మాత్ర ఇదే. వాళ్ళ బాధ నాకు తెలుసు, అయినా ఆ పని చేయకూడదు. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకోవాలి.

మీ భార్య ఇంకా మీరు ఇంట్లోకి రాగానే దగ్గరికొచ్చి వాసన చూస్తుందని, అది గుండెలో గుచ్చుకుంటుందని రాశారు. ఆమె నమ్మకం, మీ నమ్మకం రెండు వేరు వేరు ఖాతాలు. ఆమెది తెరవమని మీరు అడగలేరు. "ఎనిమిది నెలలైంది, ఇంకా నమ్మవా?" అని అడిగిన ప్రతిసారీ పాత రోజులన్నీ ఆమె కళ్ళముందు నిలబడతాయి. మా ఆఫీసులో ఒకావిడ మొగుడి ముందే నాతో అంది: "ఎన్ని తూర్లు నమ్మితిని సార్, ఇంగ నాకు నమ్మేకి ఓపిక లేదు. ఈయన్ని ఈయన పని చేసుకోనీండి, నేను చూస్తా ఉంటా." ఆయన తలొంచుకున్నాడు. ఆమె అన్నదాంట్లో తలుపు మూయడం ఎక్కడా లేదు, చూస్తా ఉంటానంది. మీరు ఇవ్వగలిగినవి ఇవ్వండి. ఏటీఎం కార్డు ఆమె దగ్గర పెట్టండి. డాక్టరును అడిగి జీజీటీ అనే రక్తపరీక్ష అప్పుడప్పుడు చేయించుకుని కాగితం ఇంట్లో పెట్టండి. తాగుడు ఆపితే వారాల్లో దిగుతూ వచ్చే లెక్క అది, వేరే లివర్ జబ్బులకూ పెరగవచ్చు కాబట్టి డాక్టరు చదివి చెప్పాలి. వాసన చూసేటప్పుడు మాత్రం నిలబడండి, మొహం తిప్పుకోకండి.

ఎప్పుడైనా జారితే, జారకూడదు, జారితే, రెండో గ్లాసుకు పోకుండా ఆపి ఆ రాత్రే ఒక మనిషికి చెప్పండి. మీటింగుల్లో మీకు తోడుండే పాత సభ్యుడికి, అంటే మీ స్పాన్సర్‌కైనా సరే. మీటింగు లెక్కలో తేదీ మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది, అది వాళ్ళ పద్ధతి, దానికి కారణముంది. మీ నోటుబుక్కులో మాత్రం పేజీ చింపకండి. కింద గీత గీసి తర్వాతి రోజు మాట రాయండి. ఎనిమిది నెలల్లో నేర్చుకున్నది ఒక రాత్రికి చెరిగిపోదు. మళ్ళీ రోజూ తాగే దాకా వచ్చేస్తే ఇంట్లో సొంతంగా ఆపకండి, ఆసుపత్రికి రండి.

తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు దగ్గరే కాబట్టి బాగాయంలో ఉన్న సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రానికి కూడా చాలామంది వెళుతుంటారు. రాత్రివేళ దిగులు ఎక్కువై బతకాలనిపించకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడం గురించి సలహాకు 14446 ఉంది. ఈ రెండు నంబర్లూ ఆ నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి. రెండు నెలలయ్యాక, "కాలేదు" అని రాసుకున్న రోజులు ఏ వారాల్లో పడ్డాయో నాకు రాయండి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.